స్టార్టప్ పాస్‌వర్డ్ దేనికి కాపలా కాస్తుంది?

కంప్యూటర్ మీట నొక్కిన వెంటనే, విండోస్ గానీ లినక్స్ గానీ ఇంకా మొదలు కాకముందే, తెర మీద పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు దాదాపు ప్రతి యంత్రంలోనూ ఉంటుంది. ఆ పాస్‌వర్డ్‌ను అడిగేది మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్‌లో ఉండే బయోస్, లేదా ఇప్పటి యంత్రాలలో దాని స్థానంలోకి వచ్చిన యూఈఎఫ్‌ఐ అనే ఫర్మ్‌వేర్. సరైన జవాబు అందేవరకు అది ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలవదు. ఇంత తొలి దశలోనే అడ్డుకుంటుంది కాబట్టి మిగతా పాస్‌వర్డ్‌లన్నిటికంటే ఇదే గట్టిదన్న నమ్మకం ఆఫీసుల్లోనూ, కాలేజీ ల్యాబుల్లోనూ, ఇళ్లలోనూ బాగా పాతుకుపోయింది. అయితే ఈ పాస్‌వర్డ్ అదుపులో ఉండేది ఆ మదర్‌బోర్డు పని మొదలుపెట్టడం ఒక్కటే. ఫైళ్లు, ఫొటోలు, ఖాతాదారుల వివరాలు, ఉత్తరప్రత్యుత్తరాలు అన్నీ ఉండేది డిస్క్‌లో. మదర్‌బోర్డు పెట్టుకున్న షరతుతో ఆ డిస్క్‌కు ఏ సంబంధమూ లేదు. యంత్రం పరాయి చేతికి చిక్కినప్పుడు ఏ రక్షణ నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ ఏర్పాటు పుట్టిన తీరు చూస్తే దాని పరిమితి ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. 1984లో ఐబీఎం విడుదల చేసిన పీసీ ఏటీ ముందు భాగంలో చెవితో తిప్పే తాళం ఉండేది. తాళం వేస్తే కీబోర్డు పనిచేయడం ఆగిపోయేది, దానితోపాటు పెట్టె మూత కూడా ఊడిరాకుండా బిగుసుకునేది. లోపలికి చెయ్యి వెళ్లాక మిగతా అడ్డంకులు పెద్దగా పనికిరావని ఆ యంత్రాన్ని రూపొందించినవారు గ్రహించారనడానికి ఆ మూత తాళమే ఆధారం. సెట్టింగులను గుర్తుంచుకోవడానికి అదే యంత్రంలో మోటరోలా ఎంసీ146818 అనే గడియారపు చిప్‌ను వాడారు. అందులో ఉన్నది మొత్తం 64 బైట్ల మెమరీ. గడియారానికి 14 బైట్లు పోగా సెట్టింగులకు 50 మిగిలేవి. కరెంటు లేనప్పుడు ఒక బ్యాటరీ ఆ బైట్లను నిలబెట్టేది. 1987లో వచ్చిన పీఎస్/2 యంత్రాలలో, ఆన్ చేయగానే అడిగే పాస్‌వర్డ్‌ను బ్యాటరీ మీద బతికే ఇలాంటి మెమరీలోనే దాచారు. తర్వాతి సంవత్సరాలలో ఈ పద్ధతి ఇతర కంపెనీల యంత్రాలన్నిటికీ పాకింది. పెట్టె మీది తాళం మాత్రం క్రమంగా కనుమరుగైంది. రెండూ కలిసి చేయవలసిన పనిని ఒంటరిగా మిగిలిన పాస్‌వర్డ్ చేస్తుందని అందరూ ఆశించడం అప్పుడే మొదలైంది.

మూత తెరిచే వీలున్నవారి ముందు పాత డెస్క్‌టాప్‌లు ఎంతోసేపు నిలిచేవి కావు. సీఆర్2032 అనే నాణెం ఆకారపు 3 వోల్టుల బ్యాటరీని కాసేపు తీసి పెడితే పాస్‌వర్డ్ చెరిగిపోయేది. అంత శ్రమ కూడా లేకుండా, మదర్‌బోర్డు మీద రెండు పిన్నులను కలిపే జంపర్‌ను తయారీదారులే అమర్చి, దాని వాడకాన్ని యంత్రంతో వచ్చే పుస్తకంలో వివరించేవారు. పాస్‌వర్డ్ మరిచిపోయిన యజమాని యంత్రాన్ని పారేయవలసిన అవసరం రాకూడదన్నది వారి ఉద్దేశం, అది న్యాయమైనదే. కానీ యజమాని వేలికీ అపరిచితుడి వేలికీ తేడా ఆ జంపర్‌కు తెలిసే అవకాశం లేదు. మూత తెరవనవసరం లేని దారులూ ఉండేవి. 1990లలో బాగా వాడుకలో ఉన్న అవార్డ్ బయోస్ పాస్‌వర్డ్‌ను 16 బిట్ల విలువగా కుదించి దాచుకునేది. అంటే పాస్‌వర్డ్ ఎంత పొడవుగా, ఎంత క్లిష్టంగా ఉన్నా దాని గుర్తు 65,536 విలువలలో ఒకటి మాత్రమే కాబట్టి, అదే విలువ వచ్చే మరో అక్షరాల వరుసను టైప్ చేసినా బయోస్ ఒప్పుకునేది. మరమ్మతుల సౌకర్యం కోసం బయోస్ తయారీదారులు పెట్టుకున్న ఉమ్మడి పాస్‌వర్డ్‌లు బయటికి పొక్కి, పత్రికల్లోనూ ఇంటర్నెట్‌లోనూ జాబితాలుగా తిరిగాయి. డాస్ అనే పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తున్న యంత్రంలోనైతే గడియారపు చిప్‌కు చేరే రెండు పోర్టులలో కొన్ని అంకెలు రాస్తే చాలు, సెట్టింగులు చెడిపోలేదని సరిచూసుకునే చెక్‌సమ్ అనే లెక్క తప్పేది. మరుసటిసారి ఆన్ చేసినప్పుడు బయోస్ ఆ సెట్టింగులన్నిటినీ పక్కనపెట్టి, పాస్‌వర్డ్ లేని తొలి స్థితికి వెళ్లిపోయేది.

ల్యాప్‌టాప్ తయారీదారులు ఇంతకంటే జాగ్రత్తపడ్డారు. దొంగతనానికి ఎక్కువగా గురయ్యేవి అవే కాబట్టి పాస్‌వర్డ్‌ను బ్యాటరీతో పనిలేని ప్రత్యేకమైన చిప్‌లో దాచడం మొదలుపెట్టారు. థింక్‌ప్యాడ్ అనే ల్యాప్‌టాప్‌లలో, సెట్టింగులను ఎవరూ మార్చకుండా కాపాడే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మరిచిపోతే మదర్‌బోర్డు మార్చడం తప్ప మార్గం లేదని కంపెనీ తన పుస్తకాల్లోనే స్పష్టంగా చెబుతుంది. మరికొన్ని కంపెనీల యంత్రాలు మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ ఇస్తే తెర మీద ఒక సంకేత సంఖ్యను చూపిస్తాయి. యజమాని ఆ సంఖ్యను సేవాకేంద్రానికి చెప్తే వారు విడుదల పాస్‌వర్డ్ ఇవ్వాలన్నది ఏర్పాటు. ఆ లెక్కను చాలా మోడళ్ల విషయంలో పరిశోధకులు ఛేదించడంతో సేవాకేంద్రం ప్రమేయం లేకుండానే జవాబు దొరికే సాధనాలు ఉచితంగా అందుబాటులోకి వచ్చాయి. ఆపైన, యూఈఎఫ్‌ఐ సెట్టింగులు ఉండే ఫ్లాష్ చిప్‌కు ఎనిమిది కాళ్లే. దానికి క్లిప్ తగిలించి, చవకైన ప్రోగ్రామర్ పరికరంతో చదవడం, తిరగరాయడం హార్డ్‌వేర్ మరమ్మతులు చేసేవారికి మామూలు పని. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి బజార్లలో బయోస్ పాడైన మదర్‌బోర్డులకు ప్రాణం పోసేది ఈ పద్ధతితోనే. ఆ నైపుణ్యంలో తప్పేమీ లేదు, ఎన్నో యంత్రాలు చెత్తలోకి వెళ్లకుండా అదే కాపాడుతోంది. అంత మామూలైన నైపుణ్యాన్ని ఆపలేని పాస్‌వర్డ్ మీద ఖాతాదారుల సమాచార భారమంతా మోపడమే తప్పు.

అసలు ఇవేవీ చేయనవసరం లేని సందర్భాలే ఎక్కువ. నేటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అడుగు పలక విప్పి, ఒక చిన్న స్క్రూ తీస్తే ఎస్‌ఎస్‌డీ అనే డిస్క్ చేతిలోకి వస్తుంది. దాన్ని చవకైన యూఎస్‌బీ డబ్బాలో పెట్టి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే మొదటి యంత్రంలోని బయోస్ పాస్‌వర్డ్‌గానీ విండోస్ లాగిన్ పాస్‌వర్డ్‌గానీ ఆ సంభాషణలోనే లేవు. వీధి తలుపు తాళం ఎంత గట్టిదైనా, ఎత్తుకెళ్లిన బీరువాను అది కాపాడలేదు. పైగా డిస్క్‌ను ఇలా చదివి, తిరిగి యథాస్థానంలో బిగిస్తే యజమానికి జాడ కూడా దొరకకపోవచ్చు. 2006 మే నెలలో అమెరికా మాజీ సైనికుల సంక్షేమ శాఖ ఉద్యోగి ఇంటి నుంచి ఒక ల్యాప్‌టాప్, ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ చోరీ అయ్యాయి. వాటిలో దాదాపు 2 కోట్ల 65 లక్షల మంది పేర్లు, పుట్టిన తేదీలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఎన్‌క్రిప్షన్ లేకుండా, అంటే రహస్య కీ లేనిదే ఎవరూ చదవలేని రూపంలోకి మార్చకుండా, ఉన్నాయి. జూన్‌లో ఆ పరికరాలు దొరికాయి, సమాచారాన్ని ఎవరూ చూసినట్లు లేదని దర్యాప్తు సంస్థ తేల్చింది; అయినా ఆ కేసులో ప్రభుత్వం 2009లో 2 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకోవలసి వచ్చింది. ల్యాప్‌టాప్‌కు ఎంత గట్టి స్టార్టప్ పాస్‌వర్డ్ ఉన్నా పక్కనే ఉన్న హార్డ్ డిస్క్‌కు దానివల్ల ఒరిగేదేమీ ఉండేది కాదు. ఆ చోరీ తర్వాత కొన్ని వారాలకే అమెరికా ప్రభుత్వం తన శాఖలన్నిటికీ, బయటికి తీసుకెళ్లే పరికరాల్లోని సున్నితమైన సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేయాలని సూచించింది.

పాస్‌వర్డ్‌ను డిస్క్‌కే పెట్టవచ్చు కదా అన్న ఆలోచన సహజంగానే వచ్చింది. 1990ల చివర్లో వెలువడిన ఏటీఏ-3 ప్రమాణం డిస్క్‌కు 32 బైట్ల పాస్‌వర్డ్ పెట్టే వీలు కల్పించింది. డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు మార్చినా పాస్‌వర్డ్ దానితోపాటే వెళ్తుంది కాబట్టి ఇది బయోస్ పాస్‌వర్డ్ కంటే ఒక మెట్టు పైన ఉన్న మాట నిజం. కానీ పాత హార్డ్ డిస్క్‌లలో సమాచారం పళ్లేల మీద మామూలుగానే ఉండేది. పాస్‌వర్డ్ రాకపోతే చదివి ఇవ్వనని డిస్క్‌లోని ఫర్మ్‌వేర్ మొండికేయడం ఒక్కటే అడ్డంకి. డేటా రికవరీ సంస్థల దగ్గర ఆ మొండితనాన్ని దాటే పరికరాలు ఉన్నాయి. తర్వాత వచ్చిన ఎస్‌ఎస్‌డీలు తమంతట తామే ఎన్‌క్రిప్షన్ చేసుకుంటాయని ప్రకటనలు వెలువడ్డాయి. 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు క్రూషియల్, శాంసంగ్ కంపెనీల కొన్ని మోడళ్లను విప్పి పరిశీలించినప్పుడు, వాటిలో కొన్నిటిలో ఎన్‌క్రిప్షన్ కీకి వాడుకరి పాస్‌వర్డ్‌తో గణితపరమైన ముడి లేనేలేదని తేలింది. పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా అని చూసి కీని విడుదల చేసేది ఫర్మ్‌వేర్‌లోని ఒక షరతు. తయారీలో పరీక్షల కోసం ఉంచే డీబగ్ మార్గంలో ఆ షరతును మార్చేస్తే ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా సమాచారం వచ్చేసేది. ఇంకా బాధాకరమైన విషయం, విండోస్‌లో డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ అప్పట్లో ఇలాంటి డిస్క్ కనిపిస్తే ఎన్‌క్రిప్షన్ పనిని దానికే అప్పగించేది. తాము బిట్‌లాకర్ వాడుతున్నామని ధైర్యంగా ఉన్నవారికి ఆ మోడళ్లలో నిజమైన రక్షణ లేకపోయింది. 2019లో మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతిని మార్చి, సాఫ్ట్‌వేర్ ఎన్‌క్రిప్షన్‌నే సహజ ఎంపికగా చేసింది.

షరతుకూ గణితానికీ ఉన్న ఈ తేడాను రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే మరింత స్పష్టంగా అర్థమవుతుంది. రెండింటినీ బయటపెట్టింది ఇద్దరు పరిశోధకులు, హెక్టర్ మార్కో, ఇస్మాయెల్ రిపోల్. లినక్స్ యంత్రాలలో ఆపరేటింగ్ సిస్టమ్‌ను లోడ్ చేసే గ్రబ్2 అనే ప్రోగ్రాముకు కూడా పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. 2015 డిసెంబరులో వీరు ప్రకటించిన ప్రకారం, గ్రబ్2 యూజర్‌నేమ్ అడిగే చోట ఏమీ టైప్ చేయకుండా బ్యాక్‌స్పేస్ మీటను సరిగ్గా 28 సార్లు నొక్కితే, యంత్రానికి నేరుగా ఆదేశాలు ఇవ్వగల రెస్క్యూ షెల్ తెరుచుకునేది. టైప్ చేసిన అక్షరాల సంఖ్యను బ్యాక్‌స్పేస్ నొక్కిన ప్రతిసారీ ఒకటి తగ్గించే కోడ్‌లో, ఆ సంఖ్య అప్పటికే సున్నాకు చేరిందేమో చూసే జాగ్రత్త లేదు. సున్నా నుంచి ఇంకా కిందికి వెళ్లిన సంఖ్య మెమరీలో తాను తాకకూడని చోట్లను చెరిపేసేది. 2009 నాటి 1.98 వెర్షన్ నుంచి 2015 నాటి 2.02 వరకు ఆరేళ్ల పాటు ఈ లోపం అలాగే ఉంది. ఆ షెల్ చేతికి వస్తే పాస్‌వర్డ్ లేకుండానే కెర్నెల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని, తమకు నచ్చినది లోడ్ చేసి, ఎన్‌క్రిప్ట్ చేయని డిస్క్ మొత్తాన్ని చదవవచ్చు, మార్చవచ్చు, చెరిపేయవచ్చు.

2016 నవంబరులో అదే పరిశోధకులు డెబియన్, ఉబుంటు వంటి వ్యవస్థలలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ అడిగే స్క్రిప్టులో మరో లోపం చూపించారు. పాస్‌వర్డ్ అడుగుతున్నప్పుడు ఎంటర్ మీటను సుమారు 70 సెకన్లు నొక్కి పట్టుకుంటే, ప్రయత్నాల పరిమితి దాటిపోయాక ఏం చేయాలో తెలియని ఆ స్క్రిప్టు సర్వాధికారాలున్న షెల్‌ను చేతిలో పెట్టేది. పైకి చూస్తే రెండూ ఒకే రకం లోపాలు, రెండింటికీ ఒకే ఒక్క మీట చాలు. ఫలితాలు మాత్రం వేరు. రెండో సందర్భంలో షెల్ వచ్చినా ఎన్‌క్రిప్ట్ చేసిన విభాగంలోని ఒక్క ఫైలు కూడా చదవడం సాధ్యం కాలేదు, ఎందుకంటే దాన్ని తెరిచే కీ పాస్‌వర్డ్ నుంచే తయారు కావాలి, ఆ పాస్‌వర్డ్ యంత్రంలో ఎక్కడా లేదు. అడిగేవాడిని దాటవేయవచ్చు, లేని కీని పుట్టించడం కుదరదు. అయినా దాడి చేసేవారు ఆ షెల్‌తో డిస్క్‌ను కాపీ చేసుకోవచ్చు, చెరిపేయవచ్చు, ఎన్‌క్రిప్ట్ చేయని బూట్ విభాగంలో తమ కోడ్‌ను నాటవచ్చు. ఈ చివరి ప్రమాదం చిన్నదేమీ కాదు.

కాబట్టి ప్రోగ్రాము పెట్టే షరతుగా మాత్రమే ఉన్న పాస్‌వర్డ్‌లను, కీని పుట్టించే పాస్‌వర్డ్‌లను రెండు వేర్వేరు జాతులుగా చూడాలి. తెర మీద రెండూ ఒకేలా చుక్కల వరుసగా కనిపించడం వల్ల వాడుకరులకు ఆ తేడా తెలియడం లేదు. తయారీదారులు దాన్ని స్పష్టంగా చెప్పకపోవడం బాధ్యతారాహిత్యమే. రెండో జాతికి చెందినవాటిలో లినక్స్‌లోని లక్స్ అనే డిస్క్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి ముఖ్యమైనది. అది పాస్‌వర్డ్‌ను నేరుగా కీగా వాడదు. కావాలనే సమయం, మెమరీ ఎక్కువ తీసుకునే లెక్క గుండా దాన్ని నడిపిస్తుంది. కొత్త లక్స్2 వాడే ఆర్గాన్2 పద్ధతి అలాంటిదే. వాడుకరికి ఒకటి రెండు సెకన్ల ఆలస్యం తప్ప ఏమీ తెలియదు గానీ, కోట్ల పదాలను యంత్రంతో ప్రయత్నించి చూసేవారికి ఆ ఆలస్యం ప్రతి పదానికీ తప్పదు. అయినప్పటికీ పుట్టిన తేదీ, ఫోన్ నంబరు, ఇష్టదైవం పేరు వంటివి పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటే ఏ లెక్కా కాపాడలేదు.

ఎన్‌క్రిప్షన్‌కు కూడా ఒక బలహీన క్షణం ఉంది, అది యంత్రం నడుస్తున్నంతసేపూ సాగే క్షణం. డిస్క్‌ను చదవాలంటే కీ ర్యామ్‌లో, అంటే యంత్రం నడుస్తున్నప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీలో, ఉండాలి. కరెంటు పోగానే ర్యామ్‌లోనిది మాయమవుతుందని చాలాకాలం భావించారు. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ బృందం ఆ భావన తప్పని నిరూపించింది. కీబోర్డు మీద దుమ్ము ఊదే డబ్బాను తలకిందులుగా పట్టి ర్యామ్ చిప్‌ల మీద కొట్టినప్పుడు వాటి ఉష్ణోగ్రత సుమారు మైనస్ 50 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. ఆ చలిలో కరెంటు లేకుండా పది నిమిషాలు గడిచినా సాధారణంగా ఒక శాతం కంటే తక్కువ బిట్లు మాత్రమే చెడిపోయాయి. ద్రవ నత్రజనిలో ముంచి గంటసేపు ఉంచినా పాడైనవి 0.17 శాతమే. అలా బిట్‌లాకర్, ఫైల్‌వాల్ట్, డీఎం-క్రిప్ట్, ట్రూక్రిప్ట్ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాముల కీలను వారు బయటికి తీశారు. దీనికి విరుగుడుగా ఫర్మ్‌వేర్ ఆన్ కాగానే ర్యామ్‌ను తుడిచే ఏర్పాటు వచ్చింది; 2018లో ఎఫ్-సెక్యూర్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఆ ఏర్పాటును నియంత్రించే చిప్‌ను తిరగరాసి దాన్ని కూడా నిద్రపుచ్చారు. థండర్‌బోల్ట్ వంటి పోర్టుల ద్వారా నేరుగా మెమరీని చదివే దాడులు ఇదే కోవలోవి. వాడుకరి కోణం నుంచి వీటన్నిటి సారాంశం ఒకటే: మూత మూసి స్లీప్‌లో పెట్టిన ల్యాప్‌టాప్‌లో కీ ఇంకా ర్యామ్‌లోనే ఉంటుంది. ప్రయాణంలోనో హోటల్ గదిలోనో వదిలేటప్పుడు పూర్తిగా ఆపివేయడం, లేదా హైబర్నేట్ చేయడం (ర్యామ్‌లోనిది డిస్క్‌లో దాచి కరెంటు ఆపేయడం), స్లీప్ కంటే ఎంతో మేలు. ఇందుకు ఖర్చేమీ లేదు, అయినా ఎక్కువమంది పాటించని జాగ్రత్త ఇదే.

ప్రతిసారీ పొడవైన పాస్‌వర్డ్ టైప్ చేసే విసుగును తప్పించడానికి టీపీఎం అనే చిప్‌ను వాడతారు. 2021లో విడుదలైన విండోస్ 11 దీన్ని తప్పనిసరి చేసింది. బూట్ క్రమంలో నడిచిన ప్రతి భాగపు కొలతను ఇది నమోదు చేసుకుని, ఏదీ మారలేదని తేలితేనే డిస్క్ కీని విడుదల చేస్తుంది. డిస్క్‌ను మాత్రమే ఎత్తుకెళ్లినవారికి ఇది గట్టి జవాబు. కానీ దొంగ ల్యాప్‌టాప్ మొత్తాన్ని తీసుకెళ్లి ఆన్ చేస్తే, ఏదీ మారలేదు కాబట్టి టీపీఎం కీని తనంతట తానే ఇచ్చేస్తుంది. ఆ చిప్ ప్రాసెసర్ నుంచి వేరుగా ఉన్న యంత్రాలలో కీ వాటి మధ్య తీగల మీదుగా బట్టబయలుగా ప్రయాణిస్తుంది. 2024 ఫిబ్రవరిలో ఒక పరిశోధకుడు పది డాలర్ల లోపు ధరకు దొరికే రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న సర్క్యూట్ బోర్డుతో పరికరం తయారుచేసి, ఒక పాత లెనోవో ల్యాప్‌టాప్ నుంచి బిట్‌లాకర్ కీని 43 సెకన్లలో పట్టుకుని చూపించాడు. టీపీఎంను ప్రాసెసర్‌లోనే కలిపిన యంత్రాలలో ఆ తీగలు లేవు; అయితే 2023లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయ బృందం ఏఎండీ ప్రాసెసర్ల విషయంలో వోల్టేజీని తారుమారు చేసి, కొన్ని గంటల శ్రమతో అక్కడి రహస్యాలనూ రాబట్టింది. బిట్‌లాకర్‌కు స్టార్టప్ పిన్ జోడిస్తే పరిస్థితి చాలా మెరుగవుతుంది. అది సరిగా అందకుండా టీపీఎం కీని విడుదల చేయదు, తప్పు ప్రయత్నాలు పెరిగితే తనను తాను కొంతకాలం మూసేసుకుంటుంది. మీట నొక్కగానే అడిగేదే అయినా, బయోస్ పాస్‌వర్డ్ చేయలేని పనిని ఈ పిన్ చేయగలదు.

ఇంతవరకు చెప్పుకున్నది యంత్రం తిరిగిరాని సందర్భం గురించి. యంత్రం తిరిగి యజమాని చేతికి వచ్చే సందర్భం ఇంతకంటే కష్టమైనది. 2009లో భద్రతా పరిశోధకురాలు జోవన్నా రుట్‌కోవ్‌స్కా ఈ దాడికి హోటల్ గది శుభ్రం చేసే పనిమనిషి పేరు మీదుగా 'ఈవిల్ మెయిడ్' (దుష్ట పనిమనిషి) అని పేరు పెట్టి ప్రదర్శించారు. యజమాని లేనప్పుడు ఒకటి రెండు నిమిషాలపాటు యూఎస్‌బీ స్టిక్ నుంచి బూట్ చేసి, ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ అడిగే భాగాన్నే మార్చేస్తారు. యజమాని తిరిగి వచ్చి మామూలుగా పాస్‌వర్డ్ టైప్ చేస్తాడు, మారిన భాగం దాన్ని భద్రంగా రాసిపెట్టుకుంటుంది. గణితం ఎక్కడా ఓడిపోలేదు, అయినా రహస్యం పోయింది. ఈ దాడి ముందు మాత్రం బయోస్ పాస్‌వర్డ్‌కు నిజమైన విలువ ఉంది. సెట్టింగులకు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి, యూఎస్‌బీ నుంచి బూట్ కావడాన్ని ఆపి, నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్‌ను ఎవరూ తీసేయకుండా చూస్తే, దాడి చేసేవారు రెండు నిమిషాల పనికి బదులు స్క్రూలు విప్పవలసి వస్తుంది. విప్పిన జాడ తెలియడానికి స్క్రూల మీద మెరుపు రజను ఉన్న గోళ్ల రంగు పూసి, ఆ చుక్కల అమరికను ఫొటో తీసి పెట్టుకోవాలని 2013లో జర్మనీలో జరిగిన భద్రతా సమావేశంలో ఇద్దరు నిపుణులు సూచించారు. చవకైనదే గానీ ఆలోచించి చెప్పిన ఉపాయం. అలాంటి రజను అమరికను మళ్లీ అచ్చంగా వేయడం దాదాపు అసాధ్యం.

బయోస్ పాస్‌వర్డ్ ఈ పాత్రలో కూడా ఎలా విఫలం కాగలదో 2018 జనవరిలో ఎఫ్-సెక్యూర్ వెల్లడించింది. సంస్థలకు అమ్మే అనేక ల్యాప్‌టాప్‌లలో దూరం నుంచి నిర్వహణ కోసం ఇంటెల్ ఏఎంటీ అనే వ్యవస్థ ఉంటుంది. బయోస్‌కు పాస్‌వర్డ్ ఉన్నా ఏఎంటీ మెనూ దాని పరిధిలోకి రాని యంత్రాలు ఎన్నో ఉన్నాయి. బూట్ అయ్యే సమయంలో కంట్రోల్, పీ మీటలు కలిపి నొక్కి, ఎవరూ మార్చని 'అడ్మిన్' అనే తొలి పాస్‌వర్డ్ ఇచ్చి, ఒక నిమిషం లోపు దూరం నుంచి ప్రవేశించే దారి తెరిచి వెళ్లిపోవచ్చు. ముందు గదికి పాస్‌వర్డ్ పెట్టిన సంస్థల్లో చాలావాటికి పక్క గది ఉందన్న సంగతే తెలియదు.

మొత్తం మీద స్టార్టప్ పాస్‌వర్డ్ బాగా పనిచేసేది మనుషుల కళ్లెదుట. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో ఇన్‌ఛార్జి తిరుగుతుండగా విద్యార్థి స్క్రూడ్రైవర్ తీయలేడు. యూఎస్‌బీ నుంచి సొంత లినక్స్ నడపకుండా ఆపడానికి అక్కడ సెట్టింగుల పాస్‌వర్డ్ చాలు. బ్యాంకు కౌంటరు, ఆసుపత్రి రిసెప్షన్ కూడా అలాంటివే. పరీక్షించవలసింది దాడి చేసేవారికి ఎంత సమయం, ఎంత ఏకాంతం, ఏ పనిముట్లు దొరుకుతాయన్నదే. రాత్రంతా యంత్రంతో ఒంటరిగా ఉండగలిగేవారి విషయంలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ లేకుండా మిగతా ఏర్పాట్ల గురించి మాట్లాడుకోవడం వృథా.

ఎన్‌క్రిప్షన్‌కు చెల్లించవలసిన మూల్యం ఒకటుంది, దాన్ని ముందే చెప్పకపోవడం అన్యాయం. బయోస్ పాస్‌వర్డ్ మరిచిపోతే మరమ్మతు దుకాణం ఉంది. ఎన్‌క్రిప్షన్ కీ పోతే సమాచారం శాశ్వతంగా పోయినట్లే. బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీని ఇచ్చేది ఇందుకే. మదర్‌బోర్డు మార్చినప్పుడో, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ తర్వాతో తెర మీద ఆ కీని అడుగుతుంది. తమ ల్యాప్‌టాప్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందన్న సంగతి అప్పటివరకు తెలియనివారు ఎందరో ఉన్నారు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోని లోపం వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ యంత్రాలు స్తంభించాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. దెబ్బతిన్న యంత్రాలలో చాలావాటి దగ్గరికి సిబ్బంది స్వయంగా వెళ్లి ఒక ఫైలు తొలగించవలసి వచ్చింది, బిట్‌లాకర్ ఉన్న ప్రతిచోటా ముందు రికవరీ కీ కావలసి వచ్చింది. ఆ కీలను దాచిన సర్వర్ కూడా స్తంభించిన యంత్రాలలో ఉంటే ఏం జరుగుతుందో కొన్ని సంస్థలకు ఆ రోజే అర్థమైంది. కీని యంత్రానికి దూరంగా, కాగితం మీద కూడా, మరొక నమ్మకమైన చోట ఉంచడం ఎన్‌క్రిప్షన్‌లో భాగమే.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వ్యక్తుల సమాచారం ఉంచుకునే సంస్థలు సహేతుకమైన భద్రతా జాగ్రత్తలు తీసుకోవాలని నిర్దేశించి, విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించింది. ఉద్యోగి ల్యాప్‌టాప్ క్యాబ్‌లో పోయినప్పుడు దానికి బయోస్ పాస్‌వర్డ్ ఉందని చెప్పుకోవడం సహేతుకమైన జాగ్రత్తగా నిలవడానికి, పైన చెప్పుకున్న చరిత్ర అంతా తెలిశాక, సాంకేతికంగా ఏ ఆధారమూ కనిపించదు.

సమాచారం ల్యాప్‌టాప్‌లోంచి క్లౌడ్‌కు వెళ్తే యంత్రం చేతికి చిక్కే సమస్య తీరిపోతుందన్న వాదన ఉంది. అప్పుడు సమస్య చోటు మాత్రమే మారుతుంది. అమెజాన్ తన హైదరాబాద్ క్లౌడ్ కేంద్రాన్ని 2022 నవంబరులో ప్రారంభించింది. అలాంటి కేంద్రాలలోని యంత్రాలను ఖాతాదారు ఎన్నడూ చూడడు, చూసేవారు, తాకేవారు వేరే. అందుకే నడుస్తున్న మెమరీని కూడా ఎన్‌క్రిప్ట్ చేసే ఏర్పాట్లను ఇంటెల్, ఏఎండీ తమ సర్వర్ ప్రాసెసర్లలో పెట్టాయి. 2024 డిసెంబరులో లూవెన్, ల్యూబెక్, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు, మెమరీ కడ్డీ తన పరిమాణం గురించి అబద్ధం చెప్పేలా సుమారు పది డాలర్ల పరికరాలతో మార్చి ఏఎండీ రక్షణను దాటారు, ఏఎండీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో స్పందించింది. 2025లో లూవెన్, బర్మింగ్‌హామ్ పరిశోధకులు యాభై డాలర్ల లోపు ఖర్చుతో మెమరీ కడ్డీకీ మదర్‌బోర్డుకూ మధ్య అమర్చే చిన్న పలక తయారుచేసి రెండు కంపెనీల రక్షణలనూ భేదించినప్పుడు, యంత్రాన్ని చేతితో తాకి చేసే ఇటువంటి దాడులు తమ రక్షణ పరిధిలోకి రావని రెండు కంపెనీలూ చెప్పాయి. కాబట్టి క్లౌడ్ ఒప్పందం చేసుకునే సంస్థ, కీలు ఎవరి దగ్గర ఉంటాయన్న ప్రశ్నతోపాటు, సర్వర్ హాలులోకి అడుగుపెట్టేది ఎవరు, వారి రాకపోకలను ఎవరు నమోదు చేస్తారు, పాడైన డిస్క్‌లూ మెమరీ కడ్డీలూ ఆ భవనం నుంచి ఏ స్థితిలో బయటికి వెళ్తాయి అన్న ప్రశ్నలకు కూడా రాతపూర్వకంగా జవాబులు తీసుకోవాలి.